సాక్షి మాట చెక్కుచెదరకుండా: విచారణ కోర్టుల్లో సాంకేతికత

(స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



మనం ఎవరిని తలుచుకోవడానికి ఇక్కడ చేరామో ఆ పెద్దాయన తన వృత్తి జీవితమంతా మున్సిఫ్ కోర్టుల్లో, మేజిస్ట్రేటు కోర్టుల్లో, సెషన్స్ కోర్టుల్లో గడిపారు. ఆయన దగ్గర పనిచేసిన జూనియర్లందరికీ ఆయన పెట్టిన ఒక నియమం తెలుసు. సాక్షిని ఆయన క్రాస్ చేస్తుంటే పక్కన కూర్చున్న జూనియరు ప్రశ్ననూ జవాబునూ సాక్షి పలికిన తెలుగులోనే నోటుబుక్కులో రాసుకోవాలి. సాయంత్రం ఆఫీసులో ఆ నోటుబుక్కునూ కోర్టులో టైపయిన వాంగ్మూలాన్నీ పక్కపక్కన పెట్టి చదివించుకునేవారు. తేడా కనిపిస్తే మర్నాడు పొద్దున్నే మెమో పడేది. ఆయనకు ఏ జడ్జిగారి మీదా అనుమానం ఉండేది కాదు. సాక్షి మాట ఇసుమంత జరిగినా కేసు ఎంత దూరం జరుగుతుందో అనుభవం మీద తెలిసిన మనిషి ఆయన.

ఈ రోజు నా అంశం విచారణ కోర్టుల్లో సాంకేతికత. దీని మీద నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వాస్తవం ఏమిటో తేల్చడం విచారణ కోర్టు అసలు పని. చట్టం మీద వాదన పై కోర్టుల్లో ఎన్నిసార్లయినా జరుగుతుంది. సాక్షి బోనెక్కేది మాత్రం ఇక్కడే, ఒక్కసారే. అందుకే ఈ కోర్టులోకి వచ్చే ఏ యంత్రానికైనా నేను పెట్టే పరీక్ష ఇది: సాక్షి చెప్పింది చెప్పినట్టు రికార్డులో చేరడానికీ, దాన్ని ఎదుటి పక్షం నిలదీయడానికీ ఆ యంత్రం తోడ్పడుతుందా? గడిచిన ఇరవై ఏళ్లలో సాంకేతికత కోర్టు ఫైలుకు ఎంతో మేలు చేసింది. సాక్షి మాటకు చేసింది చాలా తక్కువ. ఆ లోటు పూడ్చవలసిన సమయం వచ్చింది.

ఫైలుకు దక్కిన మేలు

జరిగిన మంచిని ముందు గుర్తు చేసుకుందాం. 2004 చివర జస్టిస్ జి.సి. భరూకా అధ్యక్షతన ఈ-కమిటీ ఏర్పడింది. 2005లో ఆ కమిటీ న్యాయవ్యవస్థ కంప్యూటరీకరణకు జాతీయ విధానాన్ని రూపొందించింది. దాని మీదనే ఈ-కోర్టుల పథకం నడిచింది. మొదటి దశలో 14,249 జిల్లా, కింది కోర్టులకు కంప్యూటర్లు వచ్చాయి. రెండో దశ ముగిసేసరికి ఆ సంఖ్య 18,735కు చేరింది. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. కేసుల నమోదుకు వాడే సాఫ్ట్‌వేరును ఉచిత, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పునాది మీదే తయారు చేసుకోవడం వల్ల దేశమంతటి కోర్టులు ఏ ఒక్క కంపెనీ చేతికీ చిక్కలేదు. ఆనాడు తీసుకున్న నిర్ణయాల్లో ఇది చాలా దూరదృష్టి ఉన్నది.

కక్షిదారుకు దీనివల్ల ఒరిగిందేమిటో కోర్టు ఆవరణలో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికే పల్లెనుంచి మనిషి బస్సెక్కి రావాలి. బెంచి క్లర్కు దయతలిచి డైరీ తిరగేస్తేనే తేదీ తెలిసేది. ఈ రోజు ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంది. అది చేతిలో ఉంటే రాత్రి పదింటికి కూడా ఫోనులో వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందన్న డాకెట్, ఆర్డరు కాపీ చూసుకోవచ్చు. తేదీ తెలుసుకోవడం ఒకరి చలవ మీద ఆధారపడకుండా పోవడం చిన్న సంగతి కాదు.

బెయిలు ఆర్డర్ల విషయం కూడా చెప్పాలి. 2021 జులైలో ఆగ్రా జైల్లో కొందరు ఖైదీలకు సుప్రీంకోర్టు బెయిలిచ్చినా, ఆర్డరు చేతికి అందలేదని జైలు అధికారులు వాళ్లను రోజుల తరబడి విడిచిపెట్టలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఆ కేసును సుమోటోగా తీసుకున్నారు. ఆర్డరు మోసుకొచ్చే పావురాల కోసం ఈ కాలంలోనూ ఆకాశం వైపు చూడాలా అని అడిగారు. మరుసటి ఏడు మార్చి 31న ‘ఫాస్టర్’ అనే వ్యవస్థ మొదలైంది. ఆర్డరు ఎలక్ట్రానిక్ రూపంలో నేరుగా జైలుకు, కింది కోర్టుకు చేరే మార్గం పడింది. స్వేచ్ఛ దొరికిన మనిషి కాగితం కోసం ఒక్క రాత్రి ఎక్కువ జైల్లో గడిపినా అది అన్యాయమే. యంత్రం ఆ అన్యాయాన్ని తుడిచింది.

అయితే ఈ మేలంతా ఎక్కడ ఆగుతోందో కూడా చూడాలి. దాఖలు ఫారంలో కక్షిదారు ఫోన్ నంబరు గడిలో చాలాసార్లు వకీలు ఆఫీసు నంబరే ఉంటుంది. ఎస్సెమ్మెస్ వెళ్లేది అక్కడికే. ఈ-ఫైలింగ్ చేశాక కూడా కాగితం సెట్లు అడిగే కోర్టుల్లో చిన్న ఊళ్ల వకీళ్లకు పని రెట్టింపయింది, నెట్ సెంటరు ఖర్చు పెరిగింది. ఇవి సర్దుకోగల ఇబ్బందులు. సర్దుకోలేనిది మరొకటుంది. జాతీయ న్యాయ సమాచార గ్రిడ్ 2015లో ప్రజలకు అందుబాటులోకి వచ్చాక, జిల్లా కోర్టుల్లో నాలుగు కోట్లకు పైబడి ఉన్న పెండింగ్ కేసుల లెక్క అందరికీ కనబడుతోంది. ఏ కోర్టు ఎన్ని కేసులు ముగించిందో తెర మీద పడుతోంది. ఒక జడ్జి రెండు పూటలా కూర్చుని ఒక కంటి సాక్షి వాంగ్మూలం ఓపికగా రికార్డు చేస్తే ఆ తెర మీద ఒక్క అంకె కూడా మారదు. ఎల్లకాలం లెక్కలోకి రాని పనికి ఏ వ్యవస్థలోనైనా సమయం తగ్గిపోతుంది. కేసులు లెక్కపెట్టినట్టే సాక్షుల కోసం కోర్టు వెచ్చించిన గంటలనూ లెక్కపెట్టి, ఆ సమయానికీ విలువ కట్టాలని మనవి చేస్తున్నాను.

బోను నుంచి కాగితం దాకా

ఇప్పుడు సాక్షి దగ్గరికి వద్దాం. మన జిల్లా కోర్టుల్లో వాంగ్మూలం ఎలా తయారవుతుందో ఇక్కడున్నవారికి తెలుసు. అయినా ఒకసారి నెమ్మదిగా చూడండి.

పీడబ్ల్యూ-1 ఒక వృద్ధురాలు. ఆమె చెప్పేది తెలుగు. జడ్జిగారు విని, తన మాటల్లో వాక్యం కట్టి స్టెనోకు చెబుతారు. చాలా కోర్టుల్లో ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది. డిఫెన్సు వకీలు అడుగుతారు: “అమ్మా, ఆ పొద్దు వెన్నెల లేదు కదా, ఆ దూరాన్నించి మనిషిని ఎట్లా పోల్చుకున్నావు?” ఆమె కాసేపు ఊరుకుంటుంది. “నడక చూసి... వాడే అయ్యుంటాడు అనుకున్నా బాబూ” అంటుంది. రికార్డులోకి ఎక్కేది: “చీకటిగా ఉన్నప్పటికీ నడకను బట్టి ముద్దాయిని గుర్తుపట్టాను.” వకీలు ఇంకొంచెం ఒత్తిపెడితే చివర్లో మనందరికీ కంఠతా వచ్చిన వాక్యం చేరుతుంది: “నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననుట వాస్తవం కాదు.” ఆ వాక్యం ఆమె అనలేదు, వకీలు వేసిన సూచన, ఆమె తల అడ్డంగా ఊపిన ఊపు కలిసి ఆ వాక్యమయ్యాయి.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని సాధారణంగా కథనరూపంలో రాయమని చట్టమే చెబుతోంది. రాసింది సాక్షికి చదివి వినిపించాలని కూడా చట్టంలో ఉంది. ప్రతి వాంగ్మూలం అడుగునా ‘చదివి వినిపించగా సరియేనని ఒప్పుకున్నారు’ అనే ముద్ర ఉంటుంది. సాక్షి హావభావాల మీద అవసరమనుకుంటే వ్యాఖ్య రాసుకునే అధికారం జడ్జిగారికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షను ఇచ్చింది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 315వ సెక్షనుగా ఉంది. ఆ వ్యాఖ్యలు మాత్రం ఫైళ్లలో అరుదుగా కనబడతాయి. ప్రశ్న మాయమవుతుంది, మౌనం మాయమవుతుంది, ‘అనుకున్నా’ అన్న మాటలోని తడబాటు మాయమవుతుంది. చివరికి అప్పీలు కోర్టు చేతికందేది నున్నగా చెక్కిన కథనం.

దీనికి మందు చట్టంలో ఎప్పుడో చేరింది. మేజిస్ట్రేటు విచారించే వారెంటు కేసుల్లో ముద్దాయి వకీలు సమక్షంలో సాక్ష్యాన్ని ఆడియో-వీడియోగా రికార్డు చేయవచ్చని పాత కోడ్ 275వ సెక్షనుకు చేర్చిన నిబంధన 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 254వ సెక్షనులో సెషన్స్ కేసులకు కూడా అలాంటి వీలు ఇచ్చింది. విచారణలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపడానికి 530వ సెక్షను తలుపులు బార్లా తెరిచింది. ఇక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఇంకా ముందుకు వెళ్లింది. ఆ చట్టం కింద జరిగే ప్రొసీడింగ్స్ అన్నీ వీడియోగా రికార్డు చేయాలని 15ఏ సెక్షను పదో ఉపవిభాగం శాసిస్తోంది. అక్కడ ‘చేయవచ్చు’ లేదు, ‘చేయాలి’ అనే ఉంది.

చుండూరు చెప్పే పాఠం

ఆ ‘చేయాలి’ వెనుక మన గడ్డ చరిత్ర ఉంది. 1985లో కారంచేడు దారుణం జరిగింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. బాధితులు పట్టుబట్టడంతో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే ఏర్పాటైంది. సాక్షులు భయంతో, ఖర్చుతో దూరం వెళ్లనక్కర్లేకుండా కోర్టే వాళ్ల దగ్గరికి వచ్చింది. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది.

ఆ రెండు తీర్పుల్లో ఏది సరైనదో తేల్చడం ఈ వేదిక పని కాదు. విచారణ జడ్జి ఆ సాక్షుల్ని ఎదురుగా చూశారు, వాళ్ల గొంతులు విన్నారు, ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ ఏడ్చారో గమనించారు. అదే సాక్ష్యం హైకోర్టుకు కాగితంగా చేరింది. ఒకే సాక్ష్యాన్ని ఒక కోర్టు నమ్మింది, మరో కోర్టు నమ్మలేదు. ఆ రెండింటి మధ్య ఏం పోయిందో, ఏం పోలేదో ఈ రోజు ఎవరూ చెప్పలేరు, వాళ్ల గొంతులు ఎక్కడా భద్రంగా లేవు కనుక. శిక్ష పడ్డవారికీ, తమవాళ్లను పోగొట్టుకున్నవారికీ ఇద్దరికీ ఆ ప్రశ్నకు జవాబు దక్కవలసింది.

రికార్డింగు వస్తే అప్పీలు జడ్జిలు వీడియోలో సాక్షి ముఖం చూసి విచారణ జడ్జి అభిప్రాయాన్ని పక్కన పెట్టేస్తారనే భయం కొందరికి ఉంది. ఆ భయంలో నిజముంది. బోనులో చెమట పట్టినవాడు అబద్ధాలకోరు అనుకోవడం, నిబ్బరంగా ఉన్నవాడు సత్యసంధుడు అనుకోవడం ఎంత ప్రమాదమో క్రాస్ చేసిన ప్రతివారికీ తెలుసు. అందుకే రికార్డింగు ఉపయోగాన్ని మనం హద్దుల్లో పెట్టాలి. టైపు చేసిన వాంగ్మూలమే అధికారిక రికార్డుగా ఉండాలి. ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చిందన్న వివాదం తలెత్తినప్పుడు ఆ భాగం మాత్రమే వినాలి. ముఖాలు చదివే పని రికార్డింగుకు అప్పగించనక్కర్లేదు. మాటను కాపాడితే చాలు. వీడియో తప్పనిసరి కాని కేసుల్లో మొదటి అడుగుగా ఆడియో సరిపోతుంది. ఖరీదైన కెమెరాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. జడ్జిగారి బల్ల మీద, బోను దగ్గర, వకీళ్ల బల్ల మీద ఒక్కో మైకు, సాయంత్రం ఇరుపక్షాలకూ ఒక్కో కాపీ ఉంటే చాలు.

దూరం నుంచి వచ్చే గొంతు

సాక్షి తెర మీద కనబడి సాక్ష్యం చెప్పవచ్చా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2003లోనే జవాబిచ్చింది. ముంబయి నుంచి వచ్చిన కేసులో న్యూయార్కులోని ఒక వైద్య నిపుణుడి సాక్ష్యాన్ని వీడియో ద్వారా తీసుకోవచ్చా అన్నది వివాదం. ముద్దాయి ‘సమక్షం’లో సాక్ష్యం తీసుకోవాలన్న పాత కోడ్ 273వ సెక్షనుకు వీడియో కాన్ఫరెన్సు విరుద్ధం కాదని, ముద్దాయి చూడగలగడం, వినగలగడం, క్రాస్ చేయించగలగడం ముఖ్యమని ఆ తీర్పు సారాంశం.

అంతకు ముందే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక అడుగు వేసింది. 2001లో చేసిన 31వ చట్టం ద్వారా అదే కోడ్ 167వ సెక్షనును సవరించి, రిమాండు పొడిగింపునకు ఖైదీని వీడియో లింకు ద్వారా కూడా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవచ్చని చేర్చింది. కేంద్రం ఆ వెసులుబాటును దేశమంతటికీ తెచ్చింది 2009 చివర్లో. కేంద్ర సవరణలో ఒక జాగ్రత్త కూడా ఉంది. మొదటిసారి రిమాండుకు మనిషిని స్వయంగానే తీసుకురావాలి. పోలీసు కస్టడీలో ఉన్నన్నాళ్లూ ప్రతిసారీ స్వయంగానే తీసుకురావాలి. జుడీషియల్ కస్టడీ పొడిగింపునకు మాత్రమే తెర సరిపోతుంది. ఒంటి మీది దెబ్బలు కెమెరాకు కనబడవు, పక్కన నిలబడ్డ పోలీసు భయం మైకుకు వినబడదు. ఎక్కడ తెర చాలుతుందో, ఎక్కడ చాలదో గీత గీసిన చట్టం అది. మిగిలిన చోట్లా మనకు కావలసింది అలాంటి గీతలే.

కోవిడ్ కాలంలో 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా ఆ గీత చెదరలేదు. హైకోర్టులు నిబంధనలు చేసుకునేదాకా వీడియోను ప్రధానంగా వాదనలకే వాడాలని, ఇరుపక్షాల అంగీకారం లేకుండా సాక్ష్యం రికార్డు చేయరాదని కోర్టు స్పష్టం చేసింది. భార్యాభర్తల కేసుల విషయంలోనూ ఇలాంటి తర్జనభర్జనే నడిచింది. 2017 మార్చిలో, జబల్‌పూర్‌లో ఉన్న కేసును హైదరాబాదుకు మార్చమని భార్య అడిగిన సందర్భంలో, బదిలీకి బదులు వీడియో వాడుకోవచ్చని ఇద్దరు జడ్జిల బెంచి సూచించింది. అదే ఏడు అక్టోబరులో ముగ్గురు జడ్జిల బెంచి మెజారిటీ తీర్పుతో ఆ దారికి అడ్డుకట్ట వేసింది. రాజీ ప్రయత్నం ఫలించనప్పుడు, ఇద్దరూ కలిసి కోరినప్పుడే వీడియో వాడాలంది. అమెరికాలో ఒకరు, అనంతపురంలో ఒకరు ఉన్న తెలుగు కుటుంబాల తగాదాలు మన ఫ్యామిలీ కోర్టుల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాళ్లకు తెర పెద్ద ఊరట. అవతలి గదిలో కెమెరా వెనుక ఎవరు నిలబడి సైగ చేస్తున్నారో చూసే బాధ్యత గల అధికారి ఉంటేనే అది న్యాయమైన ఊరట.

తెర ఎక్కడ బిగించారన్నది చిన్న ప్రశ్న కాదని 2025లో ఢిల్లీ చూపించింది. పోలీసు అధికారులు తమ స్టేషన్ల నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పేందుకు వీలుగా ఆగస్టులో నోటిఫికేషన్ వచ్చింది. జిల్లా కోర్టుల వకీళ్లు విధులు బహిష్కరించారు. సెప్టెంబరులో అధికారులు వెనక్కి తగ్గి, పోలీసులు కోర్టుకు స్వయంగా వచ్చే సాక్ష్యం చెబుతారని తెలిపారు. వకీళ్ల అభ్యంతరం తెర మీద కాదు. దర్యాప్తు చేసిన అధికారి తన ఫైళ్లు, తన సిబ్బంది మధ్య, తన కుర్చీలో కూర్చుని క్రాస్‌కు జవాబు చెబితే ఆ క్రాస్‌కు పదును ఉండదు. సాక్షి ఏ పక్షం ఆధీనంలోనూ లేని చోట కూర్చోవాలన్నది వీడియో సాక్ష్యానికి మొదటి షరతు కావాలి.

తెర నిజంగా సాక్షి కోసమే పనిచేసిన చోటు కూడా ఒకటి చూపిస్తాను. హైదరాబాదు భరోసా కేంద్రంలో 2018లో బాలల కోసం ప్రత్యేక కోర్టు ఏర్పాటైంది. పోక్సో చట్టం 36వ సెక్షను ప్రకారం, సాక్ష్యం చెప్పే బిడ్డ ముద్దాయి కంట పడకూడదు. అదే సమయంలో బిడ్డ చెప్పేది ముద్దాయికి వినబడాలి, అతను తన వకీలుతో మాట్లాడగలగాలి. ఒకవైపు నుంచే కనబడే అద్దం, వీడియో లింకు, విడిగా గది, విడిగా దారి ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీరుస్తాయి. బిడ్డ భయం తగ్గుతుంది, ముద్దాయి హక్కు మిగులుతుంది. సాంకేతికత విచారణ కోర్టులో ఏం చేయగలదో అడిగేవారికి నేను చూపించే ఉదాహరణ ఇదే.

యంత్రమే సాక్షి అయినప్పుడు

కాల్ డేటా, సీసీటీవీ, వాట్సాప్ సందేశాలు లేని సెషన్స్ కేసు ఇప్పుడు అరుదు. వారణాసి హోటల్ హత్య కేసులో 2015లో సుప్రీంకోర్టు, ఉన్న సీసీటీవీ దృశ్యాలను ప్రాసిక్యూషన్ తేకపోవడాన్నే దానికి వ్యతిరేకంగా పరిగణించింది. యంత్రం సాక్ష్యం అంత ముఖ్యమైపోయింది.

యంత్రం కూడా సాక్షే కనుక దాన్నీ నిలదీయగలగాలి. 2000లో ఎవిడెన్స్ చట్టంలో చేరిన 65బీ సెక్షను ఇంగ్లండు 1968 నాటి చట్టం నమూనాలో వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఆ సెక్షను కింద సర్టిఫికెట్ తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసు చెప్పింది. మధ్యలో కొంత సడలింపు వచ్చినా 2020 జులై 14న ముగ్గురు జడ్జిల బెంచి అన్వర్ తీర్పునే నిలబెట్టింది. ఇప్పుడు ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమం 63వ సెక్షనులో సర్టిఫికెట్ రెండు భాగాలైంది. ఒకటి పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలుకు హ్యాష్ విలువ రాయాలి. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి వచ్చే అక్షరాల, అంకెల వరుస అది. ఫైలులో ఒక్క కామా మార్చినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. సీజు చేసిన రోజు రాసిన వరుసా, కోర్టులో తెరిచిన రోజు వచ్చిన వరుసా ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. జూనియర్లు ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడడం నేర్చుకోవాలి. ఇది మన కాలపు క్రాస్.

నిలదీయడం మానేస్తే ఏమవుతుందో ఇంగ్లండు చూపించింది. అక్కడ నేర విచారణల్లో కంప్యూటరు సరిగా పనిచేసిందని రుజువు చేయాలన్న నిబంధనను 1999 చట్టంతో ఎత్తేశారు. కంప్యూటరు సరిగానే పనిచేస్తుందనే భావనే మిగిలింది. అదే రోజుల్లో పోస్టాఫీసుల్లోకి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేరు వచ్చింది. అది చూపిన తప్పుడు లోటుల ఆధారంగా 900 మందికి పైగా ఉప-పోస్టుమాస్టర్లకు శిక్షలు పడ్డాయి. యంత్రం తప్పని రుజువు చేయవలసిన భారం పల్లెటూళ్లలో కౌంటరు నడిపే మనుషుల మీద పడింది. రుజువు చేసే సమాచారం మాత్రం సంస్థ చేతిలో ఉంది. 2019లో అక్కడి హైకోర్టు ఆ సాఫ్ట్‌వేరులోని లోపాలను తేల్చింది. 2021లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దు చేసింది. 2024లో పార్లమెంటే చట్టం చేసి మిగిలిన శిక్షల్లో చాలావాటిని రద్దు చేయవలసి వచ్చింది. ఈలోగా కొందరు చనిపోయారు, ఎందరివో ఇళ్లు గడవకుండా పోయాయి.

మన చట్టం సర్టిఫికెట్ అడుగుతుంది కనుక మనం సురక్షితమని అనుకోవద్దు. సర్టిఫికెట్ మీద సంతకం చేసిన నిపుణుణ్ణి ప్రశ్నించడానికి ఇంకో నిపుణుడు కావాలి. ప్రాసిక్యూషన్‌కు ఫోరెన్సిక్ ల్యాబు ఉంది. జైల్లో ఉన్న ఆటో డ్రైవరుకు ఎవరున్నారు? 2022 నుంచి జిల్లాల్లో న్యాయసేవా సంస్థలు నడుపుతున్న డిఫెన్సు కౌన్సెల్ వ్యవస్థ వకీలును ఇస్తోంది. ఆ వకీలుకు ఎలక్ట్రానిక్ సాక్ష్యం తెలిసిన నిపుణుడి సాయం, దానికి నిధి కూడా ఇవ్వాలి. అది లేనంతకాలం యంత్రం సాక్ష్యం డబ్బున్నవాడు మాత్రమే క్రాస్ చేయగల సాక్ష్యంగా మిగిలిపోతుంది.

వినే యంత్రం, తీర్పు చెప్పే మనిషి

చివరగా కృత్రిమ మేధ. 2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టుల్లో దాని వాడకానికి విధానం ప్రకటించింది. నిర్ధారణలకు, తీర్పులకు దాన్ని వాడరాదని అందులో ఉంది. అదే హైకోర్టు 2025 నవంబరు నుంచి కింది కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలను మాట నుంచి నేరుగా అక్షరంగా మార్చే సాధనాన్ని వాడమంది. ఈ రెంటినీ కలిపి చూస్తే దారి స్పష్టంగా కనబడుతుంది. వినడానికి, రాయడానికి యంత్రం, తూచడానికి మనిషి. 2023లో న్యూయార్కులో ఇద్దరు వకీళ్లు యంత్రం కల్పించిన లేని తీర్పులను కోర్టుకు చూపి జరిమానా కట్టారు. వెతికే పనిలోనే ఇంత తప్పు చేసేదానికి సాక్షిని నమ్మాలా వద్దా అనే పని అప్పగించే మాటే రాకూడదు.

వినే పనిలోనూ ఒక జాగ్రత్త అవసరం. మన కోర్టులకు వచ్చే తెలుగు పత్రికల తెలుగు కాదు. ఇచ్ఛాపురం యాస, ఆదోని యాస, జగిత్యాల యాస వేరు. ఆదిలాబాదు ఏజెన్సీలో గోండి, ఖమ్మం, అల్లూరి జిల్లాల్లో కోయ, తండాల్లో లంబాడీ మాట్లాడే సాక్షులున్నారు. యంత్రం ఈ గొంతులను సాఫు చేసి పుస్తకాల తెలుగులోకి దింపితే, స్టెనో యంత్రం దగ్గర మనం పోగొట్టుకున్నదే కొత్త యంత్రం దగ్గరా పోగొట్టుకుంటాం. అందుకే యంత్రం రాసిన ప్రతి వాంగ్మూలానికీ మూలమైన ఆడియోను కేసు, అప్పీలు ముగిసేదాకా భద్రపరచాలి. సాక్షి భాష తెలిసిన మనిషి సరిచూసి సంతకం చేయాలి. ఆ యంత్రానికి నేర్పే తెలుగు మన జిల్లాల తెలుగు కావాలి.

ఇక మనం చేయవలసింది

యువ న్యాయవాదులకు ఒక విన్నపం. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న సెషన్స్ కేసుల్లో కంటి సాక్షి విచారణకు ముందు, 254వ సెక్షను కింద వాంగ్మూలాన్ని రికార్డు చేయమని మెమో వేయండి. అత్యాచారాల చట్టం కింద నడిచే కేసుల్లో 15ఏ సెక్షనును గుర్తు చేయండి. అక్కడ మీరు అడిగేది చట్టం తప్పనిసరి చేసినదే. పరికరం లేదని కోర్టు చెబితే ఆ మాటే డాకెట్‌లో రాయమని వినయంగా కోరండి. పరికరం లేదన్న మాట అలా కేసు కేసునా రికార్డుకెక్కితే, ఈ-కోర్టుల మూడో దశకు కేటాయించిన కోట్లలో బోను దగ్గర పెట్టవలసిన మైకుకు వాటా ఎందుకు రాలేదని హైకోర్టు ముందు అడిగే ఆధారం మన చేతిలో ఉంటుంది. న్యాయాధికారులు అనుమతి ఇవ్వడానికి సందేహించవద్దు. సాక్షి గొంతు భద్రంగా ఉంటే నిజాయితీగా రాసిన మీ తీర్పుకూ అదే రక్ష.

సాంకేతికత విచారణ కోర్టుల్లోకి రావాలా వద్దా అన్న చర్చ ముగిసిపోయింది, అది వచ్చేసింది. అది ఎవరి కోసం పనిచేయాలన్నది ఇంకా తేలలేదు. బోనులో నిలబడి భయపడుతూనో, తెగించో నిజం చెప్పే మనిషి కోసం అది ముందు పనిచేయాలని నేను కోరుతున్నాను. ఆ కోరిక తీర్చే చట్టాలు పుస్తకంలో ఉన్నాయి. వాటిని అడిగి అమలు చేయించే పని ఈ బారుది.